మీకు తెలుసా? ప్రేక్షకులు కూడా సభామందిర నిర్మాణంలో భాగమే

మల్కాజ్‌గిరికి పొరుగున సికింద్రాబాద్‌లో నగరపాలక సంస్థ నిర్వహిస్తున్న హరిహర కళాభవన్, 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి స్మారకంగా హైదరాబాద్‌లో ప్రారంభమైన రవీంద్రభారతి వంటి సభామందిరాలు నాటకానికి, కచేరీకి, నృత్యానికి, సన్మాన సభకు ఒకే వేదికను అందిస్తూ జంటనగరాల సాంస్కృతిక జీవనానికి ఆధారంగా నిలిచాయి.

● ధ్వని ఆగిన తరువాత గోడలు, పైకప్పు నుంచి పరావర్తనం చెందుతూ అది 60 డెసిబెల్‌ల మేర క్షీణించడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటారు. సంభాషణ స్పష్టంగా వినిపించాలంటే అది సుమారు ఒక సెకను ఉండాలి, పాశ్చాత్య వాద్యబృందానికి మాత్రం దాదాపు రెండు సెకన్లు అనుకూలం.

● మందిర ఘనపరిమాణం పెరిగితే ఈ ప్రతినాద కాలం పెరుగుతుందనీ, ధ్వనిని పీల్చుకునే ఉపరితలాలు పెరిగితే తగ్గుతుందనీ హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్ సబీన్ 1895లో మొదలుపెట్టిన ప్రయోగాలతో నిరూపించాడు.

● మనుషుల దుస్తులు, శరీరాలు ధ్వనిని పీల్చుకుంటాయి కనుక ఖాళీ మందిరం కంటే నిండిన మందిరంలో మాట స్పష్టంగా వినిపిస్తుంది. మెత్తని కుర్చీలు ఆ తేడాను తగ్గిస్తే, వెనుకకు పోయేకొద్దీ ఎత్తు పెరిగే వరుసలు వేదిక మీది స్వరాన్ని చివరి శ్రోతకు సైతం నేరుగా చేరుస్తాయి.

● హరికథకూ, నాటకానికీ, కచేరీకీ ఒకే మందిరం చాలాలంటే, అవసరాన్ని బట్టి మూసి తెరవగల, ధ్వనిని పీల్చుకునే మందపాటి తెరలు ఎంతో ఉపకరిస్తాయి.