బేస్ గిటార్‌కు మరో చెవి

ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ మోగుతుంటే ఆ స్వరం చెవికన్నా ముందు గుండెకు తగిలినట్లు ఉంటుంది. దాని నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావుపాటిది సెకనుకు దాదాపు 41 సార్లే కంపిస్తుంది. అయితే ఆ గిటార్‌ను యాంప్లిఫయర్‌కు కలపకుండా మీటి చూడండి. పక్క గదిలోకి కూడా వినిపించదు! దాని ఒళ్లు వీణ కుండలా బోలుగా ఉండదు, గట్టి చెక్క దిమ్మె. తీగ కదలికను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించేది తీగల కింద అమర్చిన 'పికప్' అనే చిన్న సాధనం. గిటార్‌కు అది చెవి లాంటిది.

చాలామంది వాయిద్యకారులు ఉన్న పికప్‌తో తృప్తిపడరు. చెక్కను తొలిచి మరొకటి బిగిస్తారు. లోపల 'ప్రీయాంప్' అనే చిన్న సర్క్యూట్‌ను కూడా పెడతారు. ఇదంతా శబ్దం పెంచడానికేనా? కాదు. శబ్దం పెంచాలంటే యాంప్లిఫయర్ మీటను తిప్పితే చాలు. అసలు కారణం తీగ కంపించే తీరులో ఉంది.

పికప్ ఏం వింటుంది?

పికప్‌లో శాశ్వత అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగతో వేల చుట్లు ఉంటాయి. పైన ఉన్న ఉక్కు తీగ అయస్కాంత ప్రభావానికి లోనవుతుంది. అది కంపించినప్పుడు చుట్టలోని అయస్కాంత అభివాహం మారి, చుట్ట కొసల మధ్య స్వల్ప వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. నైలాన్ తీగ వేస్తే పికప్‌కు ఏమీ వినిపించదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పికప్ మైక్రోఫోన్ కాదు. గదిలోని గాలి కదలికతో దానికి పని లేదు. తీగ మొత్తంలో తన ఎదురుగా ఉన్న కాస్త భాగం ఎలా కదిలిందో అదొక్కటే దానికి తెలుస్తుంది.

చోటును బట్టి స్వరం

మీటిన తీగ ఒకే రకంగా కంపించదు. మొత్తంగా కంపిస్తూనే రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా కూడా ఏకకాలంలో కంపిస్తుంది. 41 హెర్ట్జ్ తీగ నుంచి దాదాపు 82, 124, 165 హెర్ట్జ్‌ల అనుస్వరాలు వస్తాయి. ప్రతి అనుస్వరానికీ తీగ మీద అసలు కదలని అస్పందన స్థానాలు, ఎక్కువగా కదిలే ప్రస్పందన స్థానాలు ఉంటాయి.

సాధారణ బేస్ గిటార్‌లో కంపించే తీగ పొడవు 34 అంగుళాలు. తీగలు కింది కొసన ఆనే బ్రిడ్జి నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే 8.5 అంగుళాల వద్ద పికప్ పెట్టామనుకుందాం. అక్కడ ప్రాథమిక స్వరపు కదలిక దాని గరిష్ఠంలో 71 శాతం ఉంటుంది. రెండో అనుస్వరం పూర్తిగా అందుతుంది. నాలుగోది మాత్రం అందదు. ఆ చోటు దానికి అస్పందన స్థానం.

ఇప్పుడు పికప్‌ను బ్రిడ్జి దగ్గరకు, పదో వంతు దూరానికి జరుపుదాం. ప్రాథమిక స్వరం 31 శాతానికి పడిపోతుంది. అయిదో అనుస్వరం పూర్తిగా వినిపిస్తుంది. అందుకే బ్రిడ్జి దగ్గరి పికప్ స్వరం పదునుగా, మెడ దగ్గరిది నిండుగా, గంభీరంగా ఉంటాయి.

వేలితో పన్నెండో మెట్టు వద్ద నొక్కితే తీగ పొడవు సగమవుతుంది. అప్పుడు మన మొదటి పికప్ సరిగ్గా తీగ మధ్యకు వస్తుంది. సరిసంఖ్య అనుస్వరాలేవీ దానికి అందవు. అంటే ఒకే చోట ఉన్న పికప్ అన్ని స్వరాలనూ ఒకేలా వినలేదు. ఒకటి విననిదాన్ని వినడానికే రెండో పికప్.

మీటే చోటుకూ ఇలాంటి సూత్రమే ఉంది. మీటిన బిందువు ఏ అనుస్వరానికి అస్పందన స్థానమో ఆ అనుస్వరం పుట్టదని థామస్ యంగ్ చెప్పాడు. మన వీణ, తంబురాలు ఈ సూత్రాన్ని పాటించవనీ, వాటి వెడల్పాటి వంపు బ్రిడ్జి వల్ల ఆ అనుస్వరాలు కూడా వినిపిస్తాయనీ సి.వి. రామన్ 1921లో చూపించారు.

చెక్క తొలిచిన వాయిద్యకారులు

అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన 'ప్రెసిషన్ బేస్'కు ఉన్నది ఒకే పికప్. 1960లో వచ్చిన 'జాజ్ బేస్'కు రెండు. బిల్లీ షీహాన్ అనే వాయిద్యకారుడు తన ప్రెసిషన్ బేస్ మెడ పక్కన గిబ్సన్ ఇ.బి.-0 గిటార్ పికప్‌ను అదనంగా బిగించాడు. ఒక్కో పికప్‌కు ఒక్కో జాక్ పెట్టి, వేర్వేరు యాంప్లిఫయర్లకు కలిపాడు. దీనివల్ల ఒక పికప్ స్వరాన్ని కావాలని గరుకుగా మార్చినా, మెడ పికప్ ఇచ్చే గంభీర స్వరం చెదరదు.

'గ్రేట్‌ఫుల్ డెడ్' బృందంలోని ఫిల్ లెష్ ఇంకా ముందుకు వెళ్లాడు. అలెంబిక్ సంస్థ అతని గిల్డ్ స్టార్‌ఫయర్ గిటార్‌ను మార్చి, నాలుగు తీగల సంకేతాలూ విడివిడిగా వచ్చే ఏర్పాటు చేసింది. 1974లో ఆ బృందం వాడిన 'వాల్ ఆఫ్ సౌండ్' అనే బ్రహ్మాండమైన స్పీకర్ల గోడలో బేస్ గిటార్‌లోని ఒక్కో తీగకు వేర్వేరు స్పీకర్లు ఉండేవి.

రెండు కలిసినా చిక్కే

మన ఇళ్లలోని విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. పికప్ చుట్ట దీన్ని కూడా పట్టి 'బొయ్'మనే రొద చేస్తుంది. బేస్ గిటార్‌లో 49, 52 హెర్ట్జ్‌ల స్వరాలు ఉన్నాయి కనుక ఈ రొదను వడకట్టి తీసేయడం కష్టం. దీనికి ఒక ఉపాయం ఉంది. రెండో పికప్‌లో అయస్కాంత ధ్రువాలనూ, చుట్టిన దిశనూ రెండింటినీ తిప్పేస్తారు. అప్పుడు తీగ సంకేతాలు కలుస్తాయి, రొద సంకేతాలు రద్దవుతాయి. రెండింటిలో ఒకటే తిప్పితే తీగ సంకేతాలే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ప్రాథమిక స్వరం రెండు పికప్‌ల వద్దా ఒకేలా ఉంటుంది కనుక అదే ఎక్కువగా రద్దయి, గంభీరమైన గిటార్ కీచుమంటుంది.

ప్రీయాంప్ చేసే పని

పికప్ చుట్ట ప్రేరకత్వం 4 హెన్రీలు అనుకుందాం. దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపే కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి రేడియోలోని ట్యూనింగ్ వలయంలా ఒక అనునాద పౌనఃపున్యాన్ని ఏర్పరుస్తాయి. చుట్ట సొంత కెపాసిటెన్స్ మరో 100 పికోఫారడ్లు కలిపితే, 5 మీటర్ల కేబుల్‌తో అది దాదాపు 3,250 హెర్ట్జ్. 10 మీటర్ల కేబుల్‌తో 2,400 హెర్ట్జ్. అంతకు మించిన స్వరాలు త్వరగా క్షీణిస్తాయి. అంటే పొడుగు కేబుల్ వాడితేనే గిటార్ గొంతు మారిపోతుంది!

గిటార్ లోపలే ప్రీయాంప్ పెడితే పికప్‌కు, కేబుల్‌కు మధ్య అది అడ్డుగా నిలుస్తుంది. దాని ఇన్‌పుట్ అవరోధం పది లక్షల ఓమ్‌లు ఉంటే పికప్ మీద దాదాపు భారం పడదు. అవుట్‌పుట్ అవరోధం వెయ్యి ఓమ్‌లు అయితే 10 మీటర్ల కేబుల్ ప్రభావం లక్షన్నర హెర్ట్జ్‌ల దగ్గర గానీ మొదలు కాదు. మన చెవి వినగలిగేది 20,000 హెర్ట్జ్ వరకే. ఇదే సర్క్యూట్‌ను కేబుల్ అవతలి కొసన పెడితే ఈ లాభం ఉండదు. ఒక్కో పికప్‌కు ఒక్కో ప్రీయాంప్ ఉంటే అవి ఒకదానిపై మరొకటి భారం వేయవు. మామూలు టోన్ మీట స్వరాన్ని తగ్గించగలదే తప్ప పెంచలేదు. ప్రీయాంప్ రెండూ చేయగలదు. 1976 నాటి 'మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే' ఫ్యాక్టరీ నుంచే ప్రీయాంప్‌తో వచ్చింది.

తొలిచే ముందు

ఈ సౌకర్యాలకు మూల్యం ఉంది. ప్రీయాంప్‌కు 9 వోల్టుల బ్యాటరీ కావాలి. అది నీరసిస్తే గట్టిగా మీటిన స్వరాల కొనలు తెగి వికృతంగా వినిపిస్తాయి. చాలా గిటార్లలో కేబుల్ తీస్తేనే బ్యాటరీ ఆగుతుంది కనుక వాయించాక కేబుల్ తీసేయడం మరవకూడదు. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా బిగిస్తే అయస్కాంతం తీగను లాగి శ్రుతి తప్పిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, తొలిచిన చెక్క తిరిగి రాదు. ముందుగా కొత్త పికప్‌ను యాంప్లిఫయర్‌కు కలిపి, బోర్లించి తీగలకు పైన పట్టుకోండి. మరొకరు మీటుతుండగా మెల్లగా జరుపుతూ వినండి. నచ్చిన చోట పెన్సిల్ గుర్తు పెట్టండి. ఆ చోటులో పొరపాటు జరిగితే ప్రీయాంప్ దిద్దలేదు. పికప్ విన్నదాన్ని అది పెంచగలదు, కేబుల్ బారిన పడకుండా కాపాడగలదు. పికప్ అసలు వినని స్వరాన్ని మాత్రం ఎక్కడి నుంచీ తేలేదు.