అటవీ సరిహద్దు మండలాల్లో చిన్న ఉత్పత్తి సంస్థలు: అంతర్జాల విక్రయం, సభ్యుల శిక్షణ - టేకులపల్లి, భద్రాచలం ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీ మండలాల్లో ఆదివాసీ మహిళా సంఘాలు నడిపే చిన్న ఆహారోత్పత్తి సంస్థలకు అంతర్జాలం కొత్త విపణిని చూపుతోంది. ఆ విపణిలో నిలవడానికి ఎటువంటి శిక్షణ అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది. తయారీ నేర్పి అమ్మకం నేర్పకపోతే సభ్యులు తమ సంస్థలోనే కూలీలుగా మిగులుతారన్నది ఇందలి ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: ఏజెన్సీ, స్వయం సహాయక సంఘం, చిరుధాన్యాలు, ఇప్పపువ్వు, అంతర్జాల విక్రయం, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

ఇల్లందు, కొత్తగూడెం పట్టణాల నడుమ ఉన్న టేకులపల్లి మండలం 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లాలో భాగం. కోయగూడేలు, లంబాడా తండాలు, సింగరేణి వారి కోయగూడెం ఉపరితల గని, వీటిని ఆనుకొని అడవి - ఇదీ మండల స్వరూపం. ఇప్పపువ్వు, తునికాకు, తేనె, చింతపండు వంటి అటవీ ఫలసాయం ఈ ప్రాంతపు పాత ఆదాయ వనరులు.

ఆ ఫలసాయపు అమ్మకానికి ఒక చరిత్ర ఉంది. ఉప్పు, బట్ట, అప్పు ఇచ్చి, బదులుగా సరుకును తన తూకంతో తీసుకునే షావుకారును తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులను కొనే ప్రత్యేకాధికారాన్ని 1979 నాటి నిబంధన ఆ సంస్థకు కల్పించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై యాజమాన్యం సేకరించేవారిదేనని గుర్తించింది. కొనేవారు మారారు, చట్టం మారింది. సేకరించిన చేతికీ ధర చెప్పే నోటికీ మధ్య మాత్రం మరొకరు నిలబడుతూనే వచ్చారు. అంతర్జాల విక్రయాన్ని ఈ వరుసలో పెట్టి చూడటం సముచితం.

2. భద్రాచలం అనుభవం

2025 జూన్ 29న ప్రసారమైన ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి భద్రాచలం మహిళలను ప్రస్తావించారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్ళిన ఆ మహిళలు స్వయం సహాయక సంఘంలో చేరి, శిక్షణ పొంది, ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు తయారు చేస్తున్నారనీ, అవి హైదరాబాదు మొదలు లండన్ దాకా చేరుతున్నాయనీ అందులో పేర్కొన్నారు. అదే బృందం ‘గిరి శానిటరీ ప్యాడ్స్’ కూడా తయారుచేసి, మూడు నెలల్లో 40,000 ప్యాడ్లను పాఠశాలలకు, సమీప కార్యాలయాలకు అతి తక్కువ ధరకు అందించింది.

పత్రికల దృష్టి సహజంగానే లండన్ మీదికి పోతుంది. వ్యాపార దృష్టితో చూసేవారికి రెండవ వస్తువు అంతకంటె ఎక్కువ బోధిస్తుంది. మూడు నెలలకు 40,000 అంటే రోజుకు సుమారు 440. కొనేవారు దగ్గరే ఉన్నారు, అవసరం నెలనెలా తిరిగి వస్తుంది, తపాలా ఖర్చు లేదు. ఇటువంటి సమీప గిరాకీ ఉన్న సంస్థే దూరపు విపణిలోని ఒడుదొడుకులను తట్టుకోగలదు. కాబట్టి అంతర్జాలాన్ని తొలి విపణిగా గాక రెండవ విపణిగా చూడటం క్షేమమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. సంతలో నమ్మకం, తెరపై నమ్మకం

సంతలో కొనేవారు సరుకును పట్టి చూస్తారు, వాసన చూస్తారు, బేరమాడతారు. అమ్మే మనిషి ముఖపరిచయమే పూచీ. తెరపై ఇవేవీ లేవు. ఛాయాచిత్రం, పొట్లం మీది చీటీ, ముందు కొన్నవారి మాట - ఈ మూడే ఆధారాలు. నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు పొట్లం మీద ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అంతర్జాలంలో అమ్మే ఆహారం కొనుగోలుదారుకు చేరేనాటికి దాని నిల్వకాలంలో 30 శాతమో, 45 రోజుల గడువో మిగిలి ఉండాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ సూచించింది. రెండు నెలలు మాత్రమే నిలిచే లడ్డూను నెలరోజులు గదిలో ఉంచి పంపే వెసులుబాటు ఎంత తక్కువో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పన్నుల విషయంలోనూ ఒక చిక్కుంది. పరిమితికి లోబడిన వార్షికాదాయం గల చిన్న విక్రేతలు వస్తుసేవల పన్ను నమోదు లేకుండానే అంతర్జాల వేదికల ద్వారా అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వీలు కలిగింది. అయితే ఆ అమ్మకం రాష్ట్రం లోపలే జరగాలి. భద్రాచలాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నమోదు లేని సంఘం వందల కిలోమీటర్ల దూరంలోని ఆదిలాబాదుకు బిస్కెట్లు పంపవచ్చు గాని, ఊరి పొలిమేర దాటి ఎటపాకకు పంపరాదు! సరిహద్దు జిల్లాల్లో అమ్మకపు శిక్షణ ఇచ్చేవారు మొదటి రోజే చెప్పవలసిన విషయమిది.

4. చేతి శిక్షణ

ఇందులో అసలు కష్టం వంటలో కంటె పదార్థ స్వభావంలో ఉంది. గోధుమలోని జిగురు జొన్న, రాగి, సజ్జలలో ఉండదు. అందుచేత ఆ పిండితో చేసిన బిస్కెట్టు పెళుసుగా ఉండి ప్రయాణంలో విరుగుతుంది. సజ్జ గింజలో కొవ్వు అధికం. పిండి పట్టించగానే గింజలోని ఎంజైములు ఆ కొవ్వుపై పనిచేసి కొద్ది రోజుల్లోనే కారువాసన పుట్టిస్తాయి. ఎప్పటికప్పుడు పట్టించుకోవాలన్న సంగతి ఇంట్లో రొట్టె చేసుకునే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇంట్లో పిండి ఒక పూటకు సరిపోతుంది. సంస్థలో బస్తాల లెక్క. ఉన్న జ్ఞానాన్నే పెద్ద పరిమాణానికి అన్వయించడం ఇక్కడి శిక్షణ సారం.

కొలతలదీ అదే తీరు. సోల, తవ్వ, మానిక కొలతలు ఘనపరిమాణానివి. ధాన్యం తడిని బట్టి, పిండి మెత్తదనాన్ని బట్టి అదే సోలలో బరువు మారుతుంది. సంతలో ఆ తేడాను కొసరు సర్దుతుంది. దూరాన ఉన్న కొనుగోలుదారు మాత్రం మొదటి పొట్లానికీ రెండవ పొట్లానికీ రుచి మారితే మూడవది కొనడు. కాటా వాడకం నేర్పడమంటే పాత కొలతలను తక్కువ చేయడం కాదని శిక్షకులు గుర్తుంచుకోవాలి.

ఇప్పపువ్వు విషయంలో శిక్షణ చెట్టు కిందే మొదలుకావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలే పువ్వును సులువుగా ఏరడానికి చెట్టు కింది ఆకులను కాల్చడం పలుచోట్ల అలవాటు. బూడిద, మట్టి అంటిన పువ్వు సారాకు పనికిరావచ్చు, లడ్డూకు పనికిరాదు. చెట్టు కింద వల కట్టి పట్టిన పువ్వు శుభ్రంగా ఉంటుంది, నిప్పు ప్రమాదమూ తప్పుతుంది. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు చేసే ఆదివాసీ మహిళల సహకార సంఘం ఈ పువ్వుకు సారాకు వెలుపల ఉన్న విలువను ఇప్పటికే చూపింది. తేనెకు తేమ 20 శాతం దాటరాదన్న ప్రమాణం ఉంది, దాటితే పులుస్తుంది. తేమమాపకం ఒకటి కొని, చూడటం ఇద్దరు సభ్యులకు నేర్పితే చాలు.

5. ఫోను ఎవరి చేతిలో?

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరులో మొదలైన వనధన వికాస కేంద్రాల నమూనా 300 మంది సభ్యులకు ఒక కేంద్రం, కేంద్రానికి 15 లక్షల రూపాయలు అన్న లెక్కపై నిర్మితమైంది. 2020 అక్టోబరు 2న ట్రైబ్స్ ఇండియా అంతర్జాల విపణి ప్రారంభమైంది. వేదికలకు కొదవ లేదు. ఆ వేదికపై ఖాతా ఎవరి పేరిట ఉంది, దాని రహస్యసంకేతం ఎవరికి తెలుసు, కొనుగోలుదారు ఫిర్యాదుకు జవాబు ఎవరు రాస్తున్నారు అన్నవే అడగవలసిన ప్రశ్నలు. ఇవన్నీ కార్యాలయ సిబ్బందో, పట్టణంలోని మధ్యవర్తో చూసుకుంటే సభ్యులకు దక్కేది కిలోకు ఇంత అన్న కూలి మాత్రమే. బదిలీపై ఒక ఉద్యోగి వెళ్ళిపోయిన రోజున వ్యాపారం ఆగిపోతుంది. షావుకారు తూకపురాయి స్థానంలోకి రహస్యసంకేతం వచ్చి చేరుతుంది.

ఈ శిక్షణకు భాష ప్రధానమైన అడ్డంకి. కోయ ద్రావిడ కుటుంబానికి, లంబాడీ ఇండో-ఆర్య కుటుంబానికి చెందినవి. శిక్షణ తెలుగులో, వేదికల వ్యవహారం ఎక్కువగా ఆంగ్లంలో. బడికి వెళ్ళి వచ్చిన యువతులను ఒక్కో సంఘంలో కనీసం ఇద్దరిని ఈ పనికి సిద్ధం చేయాలి. ఇద్దరు ఎందుకంటే, ఒకరు పెళ్ళయి మరో ఊరికి వెళ్తే ఖాతా మూతపడకూడదు. నెలకొకసారి జమాఖర్చులను, కొనుగోలుదారుల మాటలను సంఘ సమావేశంలో కోయలోనో లంబాడీలోనో చదివి వినిపిస్తే తయారుచేసిన వారికి తమ సరుకు గతి తెలుస్తుంది.

6. శిక్షణ కాలనిర్ణయం

శిక్షణ తేదీలను బడ్జెటు సంవత్సరం నిర్ణయిస్తే మార్చి నెల శిక్షణలతో నిండిపోతుంది. ఆ నెలలో మిరప కోతలుంటాయి, ఇప్పపువ్వు రాలుతుంది. ఆ వెంటనే తునికాకు వస్తుంది. ఆ రోజుల్లో కూర్చోబెట్టి నేర్పితే హాజరు పట్టీ నిండుతుంది, పని నేర్వడం జరగదు. వానాకాలంలో పూటకు రెండు గంటల చొప్పున, వంతులవారీగా, తయారీశాలలోనే నేర్పడం సాధ్యం. తునికాకు రోజుల్లో ఉత్పత్తి తగ్గడం అనివార్యం కాబట్టి, ఆ నాలుగైదు వారాలు వేదికపై ‘సరుకు లేదు’ అని ముందే ప్రకటించడం కూడా నేర్పవలసిన అంశమే. సొమ్ము తీసుకొని సరుకు ఆలస్యం చేసిన సంఘానికి వచ్చే చెడ్డమాట తెరపై ఏళ్ళ తరబడి కనిపిస్తూనే ఉంటుంది.