కళ్ళు మూస్తే తూలుతున్నారా?

పెరట్లో కొళాయి దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే తాతగారు పక్కకు తూలుతారు. చప్పున గోడ పట్టుకుంటారు. ముఖం కడుక్కుని మళ్ళీ మామూలుగానే లోపలికి నడిచి వస్తారు. మొయినాబాదు దగ్గర సురంగల్ లాంటి పల్లెలో అయితే, పగలంతా పొలం గట్లమీద నిక్షేపంగా తిరిగిన మనిషే, కరెంటు పోయిన రాత్రి వాకిలి దాటడానికి తడుముకుంటాడు. "వయస్సు మీద పడింది కదా!" అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. కాని వయస్సుకు పగలూ రాత్రీ తేడా వుంటుందా?

మనం నిలబడడానికి ముగ్గురి సాయం కావాలి: కళ్ళు, లోచెవి, కాళ్ళు. నేల ఎలా వున్నదో, ఒళ్ళు ఎటు ఒరిగిందో కాళ్ళు క్షణక్షణం కబురు పంపుతూనే వుంటాయి. ఆ కబురు వెన్నుపాము వెనుక భాగంలోని నరాల గుండా మెదడుకు చేరుతుంది. ముగ్గురిలో ఇద్దరు సరిగా పనిచేస్తే చాలు, మనిషి నిలబడగలడు. కాళ్ళ కబురు అందకపోయినా కళ్ళు ఆ లోటును కప్పిపుచ్చుతాయి. అవి మూసుకున్నప్పుడే గుట్టు బయటపడుతుంది.

ఈ సంగతి ఆధారంగా వచ్చిందే రోంబెర్గ్ పరీక్ష. బెర్లిన్ డాక్టరు మోరిట్జ్ రోంబెర్గ్ 1840–46 మధ్య వెలువరించిన నరాల జబ్బుల గ్రంథంలో, కళ్ళు మూసుకోమనగానే తూలిపోయే రోగులను వర్ణించాడు. వాళ్ళ వెన్నుపాము చెడడానికి కారణం సిఫిలిస్ అని తరువాత తేలింది. పెన్సిలిన్ వచ్చాక ఆ జబ్బు అరుదైపోయింది గాని, పరీక్ష మాత్రం నిలిచింది.

పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు. రోగి చెప్పులు విడిచి, పాదాలు రెండూ జోడించి నిలబడాలి. మొదట కళ్ళు తెరిచి, ఆ తరువాత అర నిమిషం మూసుకుని. పడబోతే పట్టుకోవడానికి డాక్టరు పక్కనే వుంటాడు. కాస్త ఊగడం అందరికీ సహజమే. తెరిచినప్పుడు స్థిరంగా వున్నవారు మూయగానే తూలి అడుగు మార్చితేనే అది గుర్తు. కళ్ళు తెరిచివున్నా నిలవలేకపోతే, లోపం చిన్న మెదడులో వున్నదేమో చూడాలి.

కాళ్ళ కబురు ఆగడానికి మధుమేహం ఒక కారణం. రెండోది బి-12 విటమిను లోపం. ఈ విటమిను పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసాలలో వుంటుంది; కూరగాయల్లో వుండదు. పాలు కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులు, ముసలివారు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడే మధుమేహులు జాగ్రత్తపడాలి.

ఇక్కడ మన తెలుగువారి కథ ఒకటి వున్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు నడిపినప్పుడు, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఎందరో రక్తహీనులకు అది వరమయింది. కాని బి-12 అందక పాలిపోయిన రోగులకు ఇచ్చినప్పుడు రక్తం బాగుపడింది గాని, నరాల చెరుపు ఆగలేదు. 1948లో బి-12ను విడదీశాకే ఆ లోటు తీరింది. సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూశారు. అందుచేత, ముఖంలో రంగు వచ్చింది కదా అని కాళ్ళ తిమ్మిరిని, తూలును ఉపేక్షించరాదు.

రక్తపరీక్షతో లోపం తెలుస్తుంది. సూదిమందుతోనో మాత్రలతోనో తీరుతుంది. ఆలస్యమైతే మాత్రం చెడిన నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఇంట్లో పెద్దవారు చీకట్లో తడబడుతుంటే దీపం వెయ్యండి, మంచిదే. మర్నాడు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళండి.