మనుషుల లెక్క సరే, గొడ్ల లెక్క ఏదీ?

జువ్వలదిన్నె దగ్గర పోయిన ఎండాకాలం ఒక కూలి కుటుంబం ఇల్లు మారింది. కాలువ గట్టున ఉన్న పూరిపాక వదిలి, నాలుగు కిలోమీటర్ల అవతల తమకిచ్చిన కాలనీ స్థలానికి పోయారు. సాయం రమ్మంటే నేనూ పోయాను. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. ఇంటి సామానంతా ఎక్కిస్తే ట్రాక్టరు తొట్టి సగం కూడా నిండలేదు. రెక్కల కష్టం మీద బతికేవాళ్ల ఇంట్లో సామాను ఎంత ఉంటుంది గనక! కానీ ఆ ఇంటి ఆస్తి తొట్టిలో లేదు. బయట కొయ్యలకు కట్టేసి ఉంది. రెండు బర్రెలు, ఒక పెయ్యదూడ, ఏడు మేకలు, గంప కింద పది కోళ్లు, పిలవకపోయినా వెంట వచ్చే ఒక కుక్క.

సామాను ఒక్క పూటలో మారింది. జీవాలు మారడానికి వారం పట్టింది.

గొడ్లను మార్చడమంటే ఏముంది, తోలుకుపోవడమే గదా అనుకున్నాను. పుట్టింది కూలి ఇంట్లోనే అయినా ఇరవై ఏళ్లుగా సభలూ సమ్మెలూ అంటూ తిరిగి గొడ్డు గుణం మరిచిపోయాను. ముసలమ్మ మరిచిపోలేదు. కోళ్లను పగలు పట్టనివ్వలేదు. చీకటి పడి అవి గూట్లో చేరాకే పట్టి గంపలో వేయించింది. దూడను ట్రాక్టరు ఎక్కించవద్దంది. ఎక్కిస్తే తల్లి వెనక పరుగెత్తి కాలు విరగ్గొట్టుకుంటుందట. దూడను ముందు నడిపించింది, తల్లి దానంతటదే నడిచింది. తెల్లారకముందే బయలుదేరాం, ఎండ ముదిరితే బర్రె నీళ్లు కనపడ్డ చోటల్లా దిగి పడుకుంటుంది కాబట్టి. పాత కొట్టంలోని గాడి కొయ్యలూ, సగం తిన్న గడ్డీ కూడా మూట కట్టించింది. నేను నవ్వాను. "వాసన తెలిస్తేనే అవి నిలబడేది నాయనా" అంది.

ఒకటి నిలబడింది. రెండోది మూడో రోజు రాత్రి పలుపు తెంపుకుంది. తెల్లారి చూస్తే కాలువ గట్టున, పాక పీకేసిన ఖాళీ జాగాలో నిలబడి ఉంది. "ఆడే నిలబడుండాదన్నా, మా మాదిరే దానికీ పొయ్యేదానికి మనసు రాలా" అన్నాడు ఇంటాయన. మళ్లీ తోలుకొచ్చారు, మళ్లీ పోయింది. పూటకు మూడు లీటర్లిచ్చే బర్రె లీటరుకు దిగింది. పాల డబ్బే ఆ ఇంటికి ఉప్పూ పప్పూ. కూలి లేని రోజుల్లో పొయ్యి వెలిగేది దానితోనే. ఇల్లు మారిన పదిహేను రోజుల్లో ఎన్ని కూలి రోజులు పోయాయో, ఎన్ని లీటర్ల పాలు పోయాయో ఏ ఆఫీసులోనూ ఎవరూ రాయలేదు.

అసలు చిక్కు ఇది కాదు. అలవాటు పడ్డాక బర్రె నిలబడుతుంది. నిలబడడానికి జాగా ఉండాలి గదా!

2020లో పల్లెల్లో ఇచ్చిన పట్టా సెంటున్నర. సెంటుకు 48 గజాల పైచిల్లర. అంటే మొత్తం 72 గజాలు. అందులో ఇల్లు కట్టాలి, మరుగుదొడ్డి కట్టాలి, నీళ్ల తొట్టి పెట్టాలి. బర్రెను ఎక్కడ కట్టాలి? వీధిలో కట్టారు. ఎదురింటివాళ్లతో పేడ దగ్గర తగాదా. గడ్డివామి వేసే చోటు లేక మోపు మోపుగా కొనాల్సి వచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంది. మంచిదే, 145 గజాలవుతుంది. ఇచ్చిన చోట కొట్టానికి ఒక మూల దొరుకుతుంది. మరి సెంటున్నరలో ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ల సంగతి?

ఈ మాట అడగడానికి ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో ఎందుకులెండి, అన్నీ ఒకటే. దరఖాస్తు కాగితంలో రేషన్ కార్డు గడి ఉంది, కులం గడి ఉంది, ఆదాయం గడి ఉంది. ఎన్ని గొడ్లున్నాయనే గడి లేదు. "గొడ్లకు పట్టాలివ్వరండీ" అని నవ్వాడు గుమాస్తా. నవ్వితే నవ్వాడు గానీ, సర్కారు దగ్గర గొడ్ల లెక్క లేదా అంటే భేషుగ్గా ఉంది. 2019లో దేశమంతా 20వ పశుగణన చేశారు. 2024 అక్టోబరులో 21వది మొదలుపెట్టారు. ఇంటింటికీ తిరిగి బర్రెనూ మేకనూ కోడినీ రాసుకున్నారు. ఆ లెక్క ఒక పుస్తకంలో, ఇళ్ల స్థలాల లెక్క ఇంకో పుస్తకంలో. రెండు పుస్తకాలూ ఒక బల్ల మీదికి రావు.

పోర్టుకో ఫ్యాక్టరీకో భూమి తీసుకుని ఊరినే లేపినప్పుడు సంగతి వేరు. ఇది మనవాళ్లు చాలామందికి తెలియదు కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని రెండో షెడ్యూలు చూడండి. ఇల్లు కోల్పోయి కదిలే ప్రతి కుటుంబానికీ మనుషులనూ, ఇంటి కలపనూ, సామానునూ, పశువులనూ తరలించడానికి 50,000 రూపాయలివ్వాలి. పశువులనూ అని అందులోనే రాసి ఉంది. పశువులున్న కుటుంబానికి కొట్టం కట్టుకోవడానికి తక్కువలో తక్కువ 25,000 రూపాయలివ్వాలి. మూడో షెడ్యూలు ప్రకారం కొత్త ఊళ్లో పశువులకు తాగునీళ్లుండాలి, మేతకు బీడుండాలి, పశువైద్యం ఉండాలి. ఇంకో మాట. బాధిత కుటుంబమంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే కూలీ, కౌలుదారూ కూడా బాధితులే. "నీకు భూమి లేదు, నీకేం రాదు" అని ఎవడైనా అంటే అతను చట్టం చదవనివాడైనా అయి ఉండాలి, చదివి దాచినవాడైనా అయి ఉండాలి.

ఇది మనకు దూరపు కబురు కాదు. రామాయపట్నం పోర్టుకు 2022 జులైలో శంకుస్థాపన జరిగింది. మొండివారిపాలెం, కర్లపాలెం లాంటి పల్లెలు దాని కోసం కదలాల్సి వచ్చింది. 2025లో సోలార్ పరిశ్రమకు భూమి కావాలంటే కరేడు రైతులు రోడ్డెక్కారు. ఈ తీరాన ఇంకెన్ని పల్లెలు మూటా ముల్లే సర్దాలో! పైగా మేత బీళ్లలో ఎన్నో ఇప్పటికే రొయ్యల గుంటలైపోయాయి. ఉప్పునీళ్ల పక్కన గడ్డి మొలవదు, మొలిచినా గొడ్డు ముట్టదు.

దూరం ఎక్కువైతే లారీ మాట వస్తుంది. దానికీ నిబంధనలున్నాయి, 1978 నాటివి. మామూలు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. అయిదు టన్నుల బండిలో గొర్రెలైనా మేకలైనా నలభైకి మించకూడదు. ప్రయాణానికి తగినట్టున్నాయని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. పశువులు బెదరకుండా మొహం ఇంజను వైపు పెట్టి కట్టాలి. ఈ చివరిది ఎవరు రాశారో గానీ గొడ్డు సంగతి తెలిసినవాడే. అదే నిబంధనల్లో గుర్రాలకూ గాడిదలకూ వేరే అధ్యాయం ఉంది. కూలి ఇంట గుర్రం ఎక్కడిది! గాడిద మాత్రం ఈ తీరం ఎరిగినదే.

ఇల్లూ జీవాలూ కలిసి కదలడమే బతుకుగా ఉన్న జనం మన పక్కనే ఉన్నారు. ఎరుకలవాళ్లు ఈ తీరం ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట సీమలకు పోయేవాళ్లు. తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. పెళ్లాం పిల్లలు, కుక్కలు, పందులు, అన్నీ వెంటే. రైలు వచ్చింది, ఉప్పు రైలెక్కింది, గాడిదకు పని పోయింది. పని పోయి తిరుగుతున్నవాళ్లను తెల్లదొరలు దొంగలన్నారు. నేరస్త జాతుల చట్టం పుట్టింది 1871లో. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కావలిలో మిషనరీల చేత సెటిల్‌మెంటు పెట్టించారు. మన బోగోలు మండలంలోని కప్పరాళ్లతిప్ప ఆ కథలోదే. చీటీ లేకుండా ఊరు కదిలితే శిక్ష. అంటే ఇల్లు మారడమే నేరం! పరాయి చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డిలో పెట్టే చట్టం కూడా అదే 1871లో వచ్చింది. మనిషికో దొడ్డి, గొడ్డుకో దొడ్డి, ఒకే ఏడు. దేశమంతటా ఆ నేరస్త చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అందాకా ఎన్ని గాడిదలు దిక్కు లేకుండా పోయాయో.

నాకు గుర్తున్న మరో కదలిక 1989 నవంబరు తుపాను. కావలి దగ్గర తీరం దాటింది. అప్పటికి నేను చిన్నవాణ్ణి. మమ్మల్ని బడికి తోలారు. మా నాయన మాత్రం వెనక్కి పరుగెత్తాడు, బర్రె పలుపు విప్పడానికి. విప్పితే ఈదుకుని ఏ మిట్టకో చేరుతుంది, కట్టేసి ఉంటే చచ్చిపోతుంది. మా అమ్మ ఆయన కోసం రాత్రంతా ఏడ్చింది. ఆయన తెల్లారి వచ్చాడు, బర్రె మూడో రోజు వచ్చింది. గొడ్డు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని పెద్దవాళ్లు తిట్టారు. అది పోతే మరుసటి రోజు నుంచి మేం ఏం తినాలో వాళ్లు చెప్పలేదు.

కాలువ గట్టు కుటుంబం చివరకు పారిపోయే బర్రెను అమ్మేసింది. అగ్గువకే అమ్మారు. ఇల్లు మారేటప్పుడు అమ్మేవాడికి బేరం ఎక్కడుంటుంది!

పోయిన వారం ఆ కాలనీలో కూర్చున్నాం. భూసేకరణ జరిగే ఊళ్లలో అయితే కుటుంబాల సర్వే చేసి, ముసాయిదా మీద గ్రామంలో బహిరంగ విచారణ పెట్టాలని చట్టమే చెబుతుంది. గొడ్ల లెక్క అక్కడే అడిగి రాయించాలి. కాలనీల్లో ఆ వీలు లేదు, కాబట్టి మనమే రాసి అర్జీకి జత చేద్దామనుకున్నాం. ఉమ్మడి కొట్టానికి ఊరి పోరంబోకులో పది సెంట్లు, ఒక నీళ్ల తొట్టి. అడిగేది ఇంతే. బడిపిల్లాడి నోటుబుక్కులో గీతలు గీసి పేరు, బర్రెలు, దూడలు, మేకలు అని గడులు పెట్టాం. ముసలమ్మ వంతు వచ్చింది. బర్రె ఒకటి, దూడ ఒకటి, మేకలు ఏడు, కోళ్లు ఎనిమిది అంది. రాసి, ఇంకేమైనా ఉన్నాయా అమ్మా అన్నాను.

"కుక్కను రాయలా?" అంది. రాశాం.