కానరాని కాంతి – ప్రయోగశాలలో అతినీలలోహిత దీపం

మన నగరానికి ఉత్తరాన గల మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు, చెరువులకు పేరొందినవి. నేడు ఆ పేర్లు వినగానే టీకాలు, ఔషధాలు జ్ఞప్తికి వస్తాయి. మేడ్చల్‌లో కర్మాగారం నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యువులను కత్తిరించి అతికే పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ షామీర్‌పేట పరిసరాలలో విస్తరించింది. అక్కడి భారత్ బయోటెక్ రూపొందించిన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి లభించింది. మన విద్యార్థులలో కొందరు రేపు ఇట్టి ప్రయోగశాలలలో అడుగుపెట్టబోయేవారే. అక్కడ వారికి తరచుగా ఎదురుపడే ఒక చిన్న సాధనం అతినీలలోహిత దీపం. దాని ప్రయోజనాలను, దాని పట్ల వహించవలసిన జాగ్రత్తను తెలుసుకొనడం అవసరం.

వర్ణపటంలో ఊదా రంగుకు ఆవల కంటికి కనిపించని కిరణాలు కలవని 1801లో జర్మనీ శాస్త్రవేత్త రిట్టర్ కనుగొన్నాడు. ఏ రంగూ కనిపించని ఆ చోట ఉంచిన సిల్వర్ క్లోరైడ్ మిగిలిన చోట్ల కంటె త్వరగా నల్లబడింది. ఈ కిరణాలను ఉర్దూలో ‘బాలాయె బనఫ్షీ’ అంటారు. అనగా ఊదాకు పైనున్నవి. తెలుగులో ‘అతినీలలోహితం’ అన్నా భావం అదే. వీటి తరంగదైర్ఘ్యం సుమారు 100 నుండి 400 నానోమీటర్ల వరకు ఉంటుంది.

దీపం నిర్మాణం సులభమైనదే. తక్కువ పీడనంలో పాదరసపు ఆవిరి నింపిన గొట్టంలో విద్యుత్తు ప్రవహింపజేస్తే ముఖ్యంగా 254 నానోమీటర్ల కిరణాలు వెలువడతాయి. మన ఇళ్ళలోని ట్యూబులైటులోనూ జరిగేది ఇదే. అయితే అందులో లోపలి పూత ఆ కిరణాలను వెలుతురుగా మార్చివేస్తుంది. ప్రయోగశాల దీపంలో పూత ఉండదు. సాధారణపు గాజు ఈ కిరణాలను అడ్డగిస్తుంది గనుక, గొట్టాన్ని క్వార్ట్జుతో గాని, ప్రత్యేకమైన గాజుతో గాని చేస్తారు.

దీని ఉపయోగాలలో మొదటిది రసాయన పరీక్ష. ఔషధ పరిశోధనలో ఒక మిశ్రమంలోని పదార్థాలను వేరుచేయడానికి సిలికా పూసిన పలుచని పలకను వాడతారు. విడిపోయిన పదార్థాలలో అనేకం రంగులేనివి. ప్రతిదీప్తి కలిగించే ద్రవ్యం కలిపిన పలకను 254 నానోమీటర్ల దీపం క్రింద ఉంచితే పలక ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ కిరణాలను శోషించే పదార్థమున్న చోట నల్లని మచ్చ కనబడుతుంది.

రెండవది జన్యు పరిశోధన. అగరోజ్ జెల్‌లో వేరుపడిన డి.ఎన్.ఏ. ముక్కలు కంటికి ఆనవు. ఎథిడియం బ్రోమైడ్ అను రంజకం వాటిని అంటుకొని, ఈ దీపం వెలుగులో నారింజరంగు పట్టీలుగా ప్రకాశిస్తుంది. కాని చూపించే కిరణమే డి.ఎన్.ఏ.ను చెరుపుతుంది కూడా. అందువల్ల పట్టీని కోసి తీసేవారు తక్కువ హాని చేసే దీర్ఘతరంగాల దీపాన్ని ఎన్నుకొని, పనిని క్షణాలలో ముగిస్తారు.

ఆ చెరిపే గుణమే మూడవ ఉపయోగానికి మూలం. డి.ఎన్.ఏ. సుమారు 260 నానోమీటర్ల కిరణాలను మిక్కిలిగా శోషిస్తుంది. అప్పుడు ప్రక్కప్రక్కనున్న థైమిన్ అణువులు ఒకదానితో ఒకటి బంధింపబడి, సూక్ష్మజీవి వృద్ధి చెందలేకపోతుంది. గాలిని, నీటిని, పనిబల్లల ఉపరితలాలను శుద్ధి చేయడానికి ఈ దీపం వాడేది ఇందుకే.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకొనవలసి ఉన్నది. దీపంలో మనకు కనిపించే లేత నీలి వెలుగు అతినీలలోహితం కాదు. అది పాదరసం వెలువరించే ఇతర కిరణాల వెలుగు మాత్రమే. వేలాది గంటలు వెలిగిన దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది గాని, క్రిములను చంపే శక్తి అందులో క్షీణించి ఉండవచ్చు. ఈ కిరణాలు దుమ్మును, నీడను దాటిపోలేవు. పాత్ర వెనుక దాగిన క్రిమి క్షేమంగానే ఉంటుంది. కావున శక్తిని మీటరుతో కొలవాలి, గొట్టాన్ని తుడవాలి, వేళకు మార్చాలి. క్రిమినాశక ద్రవంతో బల్లను శుభ్రపరచడం మొదటి పని. దీపం దానికి తోడు మాత్రమే.

ఇదే కిరణం మనిషికీ హానికరం. రహదారి ప్రక్కన వెల్డింగు చేసేవారు ముఖానికి కవచం పట్టుకొనుట మనం చూచినదే. ఆ నిప్పురవ్వల వెలుగులోనూ ఈ కిరణాలే కలవు. దీపాన్ని చూచినపుడు నొప్పి తెలియదు. కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్లు మంట ఆరంభమవుతుంది. చర్మం కందిపోతుంది. కనుక తగిన కళ్ళజోడు, ముఖకవచం, చేతితొడుగులు లేనిదే ఈ దీపం వద్దకు పోరాదు. గదిని శుద్ధిచేసే దీపం వెలుగుతుండగా లోపల ఎవరూ ఉండరాదు.

విద్యార్థి మిత్రులారా! కంటికి కనిపించిన వెలుగును నమ్మి కనిపించని దానిని మరచుట శాస్త్రదృష్టి కాదు. కొలిచి తెలుసుకొనుట, తెలిసి జాగ్రత్తపడుట – ఈ చిన్న దీపం మనకు నేర్పే పాఠం ఇదే.