తొలకరికి ముందే సూది పడాలి

గురక మొదలయ్యాక డాక్టరు వచ్చేలోపే గేదె దక్కటం లేదు

సత్తెనపల్లి: మిరప కల్లాలు ఎత్తేశారు. పత్తికట్టె పీకి మోపులు కట్టుకున్నారు. ఎండలు ముదిరి పొలం పనులు లేక రైతులు చెట్ల కింద చేరే రోజులివి. పాడి గేదె ఉన్న ప్రతి ఇంటివారూ మరచిపోకూడని పని ఒకటి ఈ రోజుల్లోనే ఉంది. నాలుగు చినుకులు పడకముందే పశువులకు గొంతువాపు సూది వేయించాలి.

మన ఊళ్ళలో గురక రోగమని పిలిచే గొంతువాపు తొలకరి వానలను వెంటబెట్టుకుని వస్తుంది. రాత్రి కుడితి తాగిన గేదె తెల్లవారేసరికి తల వాల్చి నిలబడుతుంది. ఒళ్ళు కాలిపోతుంది. జ్వరం 105, 106 డిగ్రీలు ఉంటుంది. నోటి వెంట చొంగ కారుతుంది. దవడల కింద మొదలైన వాపు మెడ కిందికి దిగుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా గుర్రు గుర్రుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడిన తర్వాత చాలా గేదెలకు ఒక పగలో, ఒక రాత్రో మాత్రమే మిగులుతుంది. జ్వరం వచ్చిన మొదటి గంటల్లోనే మందు పడితే కొన్ని దక్కుతాయి. గురక దాకా వచ్చినవి దక్కటం అరుదు.

ఈ రోగం ఆవుల కంటే గేదెలను ఎక్కువగా పొట్టన పెట్టుకుంటుంది. సత్తెనపల్లి చుట్టుపక్కల ధూళిపాళ్ళ వెళ్ళినా, ఫణిదం వెళ్ళినా, రెంటపాళ్ళ వెళ్ళినా కొట్టాల్లో కనిపించేది ఎక్కువగా గేదెలే. మంచి పాడి గేదె ఖరీదు లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంది. మిరప ధర పడిపోయిన ఏడు, పత్తికి గులాబి పురుగు తగిలిన ఏడు ఇల్లు గడిచేది పాల డబ్బుతోనేనని వేరే చెప్పనవసరం లేదు. కౌలు రైతు ఇంట్లో అయితే ఆ గేదె తప్ప చూపించుకోవటానికి మరో ఆస్తి ఉండదు.

రోగం ఎక్కడిది?

గొంతువాపు క్రిమి ఎక్కడి నుంచో గాలిలో కొట్టుకుని రాదు. ఆరోగ్యంగా కనిపించే కొన్ని పశువుల గొంతులోనే అది నక్కి ఉంటుంది. పశువులో సత్తువ ఉన్నంతకాలం ఏమీ చేయదు. వేసవిలో మేత చాలక, ఎండకు వాడి, పశువు నీరసిస్తుంది. ఇంతలో వాన పడి ఒళ్ళు తడుస్తుంది. ఎడ్లయితే ఏరువాక పేరుతో ఒక్కసారిగా కాడికింద మెడ పెట్టాలి. అప్పుడు క్రిమి తిరగబడుతుంది. అక్కడి నుంచి చొంగ ద్వారా, అందరూ తాగించే నీళ్ళ తొట్టి ద్వారా, పక్క కొట్టాలకు పాకుతుంది. సూది వేసిన మర్నాడే పశువుకు రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. జూన్‌లో వానలు మొదలవుతాయనుకుంటే మే సగం దాటకముందే సూది పడి ఉండాలి. ఊళ్ళో ఒక గేదె పడిపోయిన తర్వాత ఆసుపత్రికి పరుగెత్తేవారు ఈ లెక్క మరచిపోతున్నారు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. పన్నెండేళ్ళ నాటి మాట. ఊళ్ళోకి సూదులు వేసేవారు వచ్చిన రోజు మా నాన్న గేదెను తోలుకుని చేలోకి వెళ్ళిపోయారు. రెండో ఈత గేదె, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది. సూది వేయిస్తే పాలు తగ్గుతాయని ఆయన భయం. మర్నాడు చూద్దాంలే అనుకున్నాం. మర్నాడు వాళ్ళు పక్క ఊరు వెళ్ళారు. జూన్‌లో రెండు వానలు పడ్డాయి. ఒక ఉదయం అమ్మ చెంబు పట్టుకుని వెళ్తే గేదె చేపలేదు. డాక్టరుగారు కబురందగానే వచ్చి నరానికి ఇంజక్షన్లు ఇచ్చారు. పొద్దుకూకేసరికి గేదె కొట్టంలోనే పడిపోయింది. దాని మీద తెచ్చిన అప్పు ఇంకా పదకొండు వాయిదాలు కట్టాల్సి ఉంది. పాలు లేకుండానే పదకొండూ కట్టాం. సూదికి మాత్రం ఆ రోజు ఒక్క రూపాయి అడగలేదు.

పాలు తగ్గుతాయన్న భయం

గాలికుంటు సూదికి కూడా ఇదే భయం అడ్డు వస్తోంది. సూది వేసిన తర్వాత రెండు మూడు రోజులు కొన్ని పశువులకు కాస్త జ్వరం వచ్చి పాలు తగ్గే మాట నిజమే. దాన్ని దాచి చెప్పటం వల్లనే రైతులకు నమ్మకం పోతోందని నా అభిప్రాయం. రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదె మూడు రోజులు లీటరు చొప్పున తగ్గిందనుకుందాం. పోయేది మూడు లీటర్లు. గాలికుంటు తగిలితే నోట్లో పుళ్ళు పడి మేత ముట్టదు, గిట్టల మధ్య పుండై నిలబడలేదు. పాలు సగానికి సగం పడిపోతాయి, ఆ ఈతలో మళ్ళీ పూర్తిగా ఎక్కవు. చూలు నిలవటం ఆలస్యమవుతుంది. తల్లి బతికినా పాలు తాగే దూడ గుండె దెబ్బతిని ఉన్నట్టుండి పడి చనిపోతుంది. కోలుకున్న ఎడ్లలో కొన్ని ఎండలో రొప్పుతూ కాడికి పనికిరాకుండా పోతాయి.

దేశమంతటా పశువులకు గాలికుంటు సూది ఉచితంగా వేసే జాతీయ పథకం 2019 సెప్టెంబరు 11న మధురలో మొదలైంది. ఆరు నెలలకొకసారి వేయించాలి. నాలుగు నెలలు దాటిన దూడకు మొదటిసారి వేయించి, నెల తర్వాత మరోసారి వేయించాలి. గేదె చెవికి వేసే పసుపు బిళ్ళ మీద పన్నెండు అంకెలున్నది ఈ లెక్క కోసమే. బిళ్ళ వేయిస్తే గేదెను సర్కారు రాసుకుంటుందేమోనని అనుమానించేవారు ఇప్పటికీ ఉన్నారు. నెలలు నిండిన చూడి గేదె ఉంటే ఆ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పాలి. జ్వరంతో ఉన్న పశువును సూదికి తీసుకురాకూడదు.

వీధిలో పది గేదెలుంటే ఎనిమిదింటికి సూది వేయించి రెండింటిని చేలోకి తోలితే ఏమవుతుందో పెద్దలను అడిగితే చెబుతారు. ఒకనాడు ముసర రోగం వస్తే ఊరికి ఊరే కొట్టాలు ఖాళీ అయ్యేవి. దానికి టీకా 1920లలోనే ముక్తేశ్వర్‌లోని పరిశోధన సంస్థలో ఎడ్వర్డ్స్ తయారు చేశారు. దేశమంతటా టీకాల కార్యక్రమం 1954లో మొదలైంది. అయినా ఆఖరి ముసర 1995 దాకా పోలేదు. టీకా లేక కాదు. ఏ మూలనో కొన్ని పశువులు తప్పించుకుంటూ ఉండబట్టే అన్నేళ్ళు పట్టింది. 2006లో మన దేశం, 2011లో ప్రపంచం మొత్తం ముసర లేనివిగా ప్రకటించబడ్డాయి. నేటి కుర్రవాళ్ళకు ఆ పేరే తెలియదు.

మేత లేని పైర్లు

సూది ఒక్కటే చాలదు. వేసవిలో ఎండిపోయిన గేదెకు సూది వేసినా రావలసినంత బలం రాదు. పత్తి, మిరప పండించే మన నేలలో చిక్కు ఇక్కడే ఉంది. వరి వేస్తే గడ్డి, జొన్న వేస్తే చొప్ప మిగులుతాయి. పత్తి, మిరప వేస్తే కట్టె మిగులుతుంది. లాం అనగానే మనకు మిరప విత్తనం, పత్తి విత్తనం గుర్తుకు వస్తాయి. ఒంగోలు పశువుల కోసం పశు పరిశోధన కేంద్రం ఉన్నదీ ఆ లాంలోనే. ఆ ఒంగోలు గిత్తలను మేపింది ఒకప్పటి జొన్న చొప్ప, పిల్లిపెసర, జనుము. ఎకరంలో పది సెంట్లయినా పచ్చిమేతకు విడిచే రైతు ఇప్పుడు అరుదు.

కొన్న వరిగడ్డినే కాస్త సత్తువ గల మేతగా మార్చుకోవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ళు పశువు నేరుగా తాగితే ప్రాణం మీదికి వస్తుంది, జాగ్రత్త. యూరియా, పట్టా రెండూ మిరప రైతు ఇంట్లో ఉండేవే. కల్లం పట్టాను మాత్రం ఘాటు పోయేలా కడుక్కోవాలి. రోజూ దాణాలో ఖనిజ లవణ మిశ్రమం గుప్పెడు కలిపితే ఎద సకాలంలో వస్తుంది.

మేత కరవై పశువులను కనపడిన చేలోకల్లా తోలటం మరో ప్రమాదం. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి చేలు మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. అది విత్తనం దోషమా, పురుగుమందు దోషమా అన్న వాదన తెగలేదు. మందు కొట్టిన చేలో మేపకూడదన్న విషయంలో మాత్రం వాదన లేదు. స్ప్రేయరు, డ్రమ్ము కడిగిన నీళ్ళు గుంటలో నిలిచినా గేదె తాగుతుంది. చొంగ, కన్నీరు, విరేచనాలు, కండరాలు అదరటం కనిపిస్తే కొట్టిన మందు డబ్బా చేత పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మందు పేరు తెలిస్తే విరుగుడు వెంటనే పడుతుంది. ఇక లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మోళ్ళ నుంచి వచ్చిన పిలకలు మేస్తే నాము తగిలి నిమిషాల మీద పడిపోతుంది. పూత దశకు రాని జొన్న దగ్గరకు పశువును పోనివ్వకూడదు.

ఎంత జాగ్రత్తపడినా ఊళ్ళో గొంతువాపుతో పశువు చనిపోతే కళేబరాన్ని చెరువు గట్టున పారేయకూడదు. తోలు తీయించకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. జ్వరంతో ఉన్న పశువును వేరే కట్టి, దాని తొట్టి వేరు చేయాలి. దాన్ని చూసుకునే మనిషి మిగతావాటి దగ్గరకు వెళ్ళేముందు చేతులు, కాళ్ళు కడుక్కోవాలి.

సూదులు వేసేవారు వచ్చే రోజు దండోరా వేయించమని గ్రామ పెద్దలను ముందే అడగటం మంచిది. ఆ రోజు పొద్దున్నే గేదెను చేలోకి తోలకుండా ఇంటి దగ్గరే కట్టేయాలి. సూది వేసిన తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసుకుంటే గాలికుంటుకు మళ్ళీ ఎప్పుడు వేయించాలో ఎవరినీ అడగనక్కరలేదు.