శరీరం తెలిస్తే బిల్లు తెలుస్తుంది

రాజధానికి భూములిచ్చాక తుళ్లూరులో సాగు తగ్గింది గానీ, ఈ చుట్టుపట్ల పత్తికీ మిరపకీ మందు కొట్టని ఊరు లేదు. చేలో మందు కొట్టి వచ్చిన మనిషికి సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు పట్టి, నోట చొంగ కారి, చూపు మసకబారితే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. కేసు షీటు మీద డాక్టరు ‘ఓపీ పాయిజనింగ్’ అని రాస్తారు. వెంట వచ్చినవాళ్ల చేతిలో అప్పటికే ఓపీ చీటీ ఉంటుంది. చీటీ మీది ఓపీ అంటే అవుట్ పేషెంట్. షీటు మీది ఓపీ అంటే ఆర్గానోఫాస్ఫేట్, అంటే మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి పురుగుమందుల జాతి. పక్కనే ఎమ్మెల్సీ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది మెడికో లీగల్ కేసు అని గుర్తు. విషం కేసులన్నిటికీ అలా రాయడం ఆసుపత్రి విధి.

ఈ ఒక్క షీటును ఓపిగ్గా చదివితే వైద్య పరిభాష సగం పట్టుబడుతుంది. నరం తన కబురును కండకో గ్రంథికో చేరవేయడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కబురు అందగానే దాన్ని కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విరిచేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ వెళ్లి ఆ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. లాలాజలం, చెమట, కన్నీరు ధారగా కారతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది, షీటు మీద దాని పేరు మయోసిస్. గుండె నెమ్మదిస్తుంది, అది బ్రాడీకార్డియా. బ్రాడీ అంటే నెమ్మది, కార్డియా అంటే గుండెకు సంబంధించింది. టాకీ అంటే వేగం.

మర్నాడు అదే షీటులో టాకీకార్డియా అని కనిపిస్తుంది. జబ్బు ముదిరిందేమోనని ఇంటివాళ్లు హడలిపోతారు. చాలాసార్లు అది అట్రోపిన్ పనిచేస్తోందనడానికి గుర్తు. ఎసిటైల్‌కోలిన్ కబురును అడ్డుకునే మందు అది. ఊపిరితిత్తులు తేటపడేదాకా మోతాదు పెంచుకుంటూ పోతారు. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో మామూలుగా ఉండేది 0.6 మిల్లీగ్రాములే. విషం బాగా ఎక్కిన మనిషికి పదుల మిల్లీగ్రాములు కావాలి. అందుకే ఫార్మసీ బిల్లులో అట్రోపిన్ ఎదురుగా డజన్ల కొద్దీ ఆంప్యూల్స్ ఉంటాయి. శరీరంలో ఏం జరిగిందో తెలియనివాళ్లకు అది దోపిడీలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు ఆ అంకెను వదిలేసి, నిజంగా అడగాల్సిన అంకె దగ్గర ఆగుతారు. నా దృష్టిలో వైద్య పరిభాష నేర్చుకోవడంలో అసలు ప్రయోజనం ఇదే.

ఆ రోగి చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉంటే ట్రేకియాస్టమీ చేయవచ్చు. ట్రేకియా అంటే శ్వాసనాళం. చివర ‘ఆస్టమీ’ ఉంటే దారి పెట్టారని, ‘ఆటమీ’ ఉంటే కోసి తెరిచారని, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసేశారని అర్థం. లాపరాటమీ అంటే పొట్ట తెరవడం, అపెండెక్టమీ అంటే అపెండిక్స్ తీసేయడం. ఈ తోకల దగ్గర ఒక్క అక్షరం తారుమారైతే రోగి ఒంట్లో ఏ అవయవం మిగిలిందన్నదే మారిపోతుంది, బిల్లూ మారుతుంది.

పేర్ల తర్వాత అంకెలు. జబ్బుకు అంకె పెట్టే పద్ధతికి మూలం 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియోన్ తయారుచేసిన మరణకారణాల జాబితా. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిలో ఐసీడీ, అంటే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ, అయింది. పదో కూర్పులో మన రోగి కోడ్ టి60.0. చేలో పొరపాటున విషం తగిలిందని చెప్పడానికి ఎక్స్48 అనే మరో కోడ్ ఉంది. ఏం జరిగింది, ఎలా జరిగింది అన్నవి వేర్వేరు ప్రశ్నలు, రెంటికీ వేర్వేరు జవాబులు రాయాలి.

అమెరికాలో ఆసుపత్రి బిల్లులకు ఐసీడీ-10 అమలులోకి వచ్చింది 2015 అక్టోబరు 1న. ఆ కోడింగ్ పని హైదరాబాదులో కూర్చుని చేసేవాళ్లు వేలమంది, ఎక్కువగా బీఎస్సీ, బీఫార్మసీ చదివిన మన పిల్లలు. ఆ కోడింగ్ నేర్పే కోర్సులో చేరేవాళ్లు కోడ్‌ల పుస్తకం బట్టీ పట్టడంతో మొదలుపెట్టకూడదని గట్టిగా చెబుతాను. ముందు మనిషిని నిలబెట్టి, అరచేతులు ముందుకు తిప్పి ఊహించుకోవాలి. అనాటమీలో కుడి, ఎడమ అన్నవి రోగివి, చూసేవాళ్లవి కావు. మిరపకోతల్లో ఏళ్ల తరబడి వంగి పనిచేసిన ఆవిడ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తే, ఫిల్ముపై కుడి గుర్తు ఉన్న మోకాలు మన ఎడమ చేతివైపు ఉంటుంది. అమెరికా కూర్పులో కుడి మోకాలి అరుగుదలకు ఎం17.11, ఎడమకు ఎం17.12. ఇక్కడ పొరబడితే కోడ్ తప్పుతుంది, క్లెయిమ్ తిరిగొస్తుంది.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకానిది వేరే లెక్క. అక్కడ జబ్బుకూ చికిత్సకూ కలిపి ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. సూదికింత, మంచానికింత అని రోగి దగ్గర వసూలు చేయకూడదు. ఆ ప్యాకేజీలో ఉన్న వస్తువును బయట షాపులో కొనమని చీటీ రాసిస్తే, ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్రను అడగాలి.

సొంతంగా తీసుకున్న ఇన్సూరెన్స్‌లో ఎక్కువమంది చిక్కుకునేది గది అద్దె దగ్గర. 5 లక్షల పాలసీలో రోజు గది అద్దె 1 శాతానికి మించకూడదని ఉంటే పరిమితి 5,000 రూపాయలు. 8,000 గదిలో చేరితే తేడా 3,000 మనం కట్టుకుంటే సరిపోతుందనుకుంటాం. కానీ దామాషా కోత ఉన్న పాలసీలో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లోనూ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. ఆ ఖర్చులు 80,000 అయితే వచ్చేది 50,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలపై ఈ కోత వేయకూడదన్నది బీమా నియంత్రణ సంస్థ నిబంధన. డిశ్చార్జి రోజున పద్దులవారీ బిల్లు అడిగి తీసుకుని, కోత ఏ పద్దుల మీద పడిందో చూసుకోవాలి. ఇంప్లాంటు మీద కోత కనిపిస్తే కంపెనీకి రాతపూర్వకంగా రాయవచ్చు.